మస్టరులో మాలిక్

సిద్దికాకి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. చేతికొచ్చిన కాగితం ఏదైనా చివరి అక్షరందాకా చదవందే కింద పెట్టదు. మందుపెట్టెలో మడిచి పెట్టే పల్చటి కాగితం, పురుగుమందు డబ్బా మీది రాత, బస్సు టికెట్టు వెనక నిబంధనలు, అన్నీ చదివేది. ప్రత్తిపాడులో మిరపకాయల కొట్టు గుమాస్తాగా చేసే తండ్రి బుడాన్ ఆ అలవాటు చూసే కూతుర్ని గుంటూరు పంపి బి.యస్సీ. చదివించాడు. పెళ్లయి చీమకుర్తి వచ్చాక ఆ చదువుతోనే ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి సైన్సు చెప్పే పని దొరికింది.

కూతురు నజ్మీన్ పుట్టాక ఆ అలవాటు మరీ ముదిరింది. పిల్లకి వేసే ప్రతి టీకా సీసా మీదా తేదీ తనే చూసుకునేది. "నర్సమ్మకి లేని అనుమానం నీకెందుకే?" అని అత్త లాల్‌బీ విసుక్కునేది.

"నర్సమ్మకి ఇది రోజుకి నలభయ్యో పిల్ల అత్తా. నాకు ఒక్కతే."

భర్త మాలిక్ నవ్వి ఊరుకునేవాడు. అతనిది వినుకొండ పక్క పల్లె. తొంభై ఏడులో కౌలుకి వేసిన పత్తిని పురుగు తినేసింది. మందు కొట్టే కొద్దీ పురుగు బలిసిందే గాని చావలేదు. ఎద్దుల్ని అమ్మేసి, తల్లి లాల్‌బీనీ తమ్ముడు ఇలియాస్‌నీ వెంటబెట్టుకుని చీమకుర్తి వచ్చిపడ్డాడు. గ్రానైటు ఫ్యాక్టరీలో యలమందయ్య మేస్త్రీ ముఠాలో చేరి, తొమ్మిదేళ్లలో పాలిష్ మిషను పట్టేవాడయ్యాడు. మోకాళ్లదాకా రాతి బురదలో నిలబడి, పలక అటు చివరికీ ఇటు చివరికీ ఎక్కుతూ దిగుతూ, వంగి అరచేత్తో నున్నదనం చూసే పని.

ఆ ముఠాలో పన్నెండు మంది. ఫ్యాక్టరీ ఆఫీసుకి మొహాలతో పనిలేదు. హాజరు మస్టరులో పన్నెండు పేర్లు, మిషన్ల దగ్గర పన్నెండు మంది కనిపిస్తే చాలు. ఒకడి పేరు ఎదుట వరసగా నాలుగు రోజులు సున్నా పడిందా, గేటు బయట కాచుకుని ఉన్న పదిమందిలో ఒకడు లోపలికొచ్చేస్తాడు. అందుకని ముఠాల్లో ఒక కట్టుబాటు ఉంది. మనిషి మంచాన పడితే ఆ ఇంట్లోంచే ఇంకో మగాడు వచ్చి అతని పేరు మీద పని చేస్తాడు. మస్టరులో పాత పేరే నడుస్తుంది. దాన్ని పేరు కాయడం అంటారు. చేను కాసినట్టే. అందులో దొంగతనం ఉందని ఎవరూ అనుకోరు. కాయకపోతేనే తప్పు.

రెండు వేల ఆరు నవంబరులో, పన్నెండో తారీకున, పని నుంచి మోపెడ్ మీద వస్తున్న మాలిక్‌ని రాతిదిమ్మెల లారీ ఒకటి ఒరుసుకుంటూ పోయింది. పడటం రోడ్డు పక్కకే పడ్డాడు గాని, మోపెడ్ వచ్చి ఎడమకాలి మీద పడింది. మోకాలి కింద ఎముక పగిలింది. ఒంగోల్లో ఆపరేషన్ చేసి, ప్లేటు వేసి, స్క్రూలు బిగించారు. ఎనిమిది రోజులకి ఇంటికి పంపారు. అతను ఆస్పత్రిలో ఉన్న రెండోరోజునే ఇలియాస్ తను పనిచేసే పంచర్ల షాపు మానేసి, అన్న బూట్లు వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. ఆ పొద్దున అతనికి అన్నం క్యారేజీ కట్టి ఇచ్చింది సిద్దికాయే.

ఆస్పత్రి బిల్లు ఇన్సూరెన్సు కట్టింది. ముఠావాళ్లందరి పేర్లతో ఫ్యాక్టరీ ఒక గ్రూపు పాలసీ తీసుకుంది. మస్టరులో పేరుంటే పాలసీలో ఉన్నట్టే. ఆ సంగతి అప్పటిదాకా ముఠాలో ఒక్కడికీ సరిగ్గా తెలియదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అసలు మాట చెప్పాడు. "ఎముక అతుక్కుంటుంది, దాని గురించి నాకు దిగులు లేదు. మోకాలు వంగాలి. ఇప్పట్నుంచి రెండు నెలలు ఫిజియోథెరపీ చేయించాలి. ఇప్పుడు వదిలేస్తే లోపల కండ అతుక్కుపోయి, ఇక మీరేం చేసినా వంగదు."

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి తేజశ్రీకి పాతికేళ్లుంటాయేమో. మొదటి రోజు రెండు రేకుల ప్లాస్టిక్ స్కేలు ఒకటి మాలిక్ మోకాలి పక్కన ఆనించి చూసింది. ముప్పై డిగ్రీలు.

"ఎంత రావాలండీ?" అని అడిగింది సిద్దికా.

"తొంభై వస్తే మెట్లు ఎక్కుతారు. నూట పది వస్తే కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేస్తారు. మిషను పనంటున్నారు కాబట్టి తొంభై మాత్రం రావాల్సిందే మేడం. అంతకు తక్కువతో ఆ బురదలో ఎక్కి దిగడం కుదరదు."

ఆ రోజు నుంచి సిద్దికాకి లోకంలో ఒకటే అంకె.

ఒక్కో సిట్టింగుకీ డబ్బు కట్టాలి. మధ్యాహ్నం బడి వదులుకుని, చంటిదాన్ని చంకనేసుకుని, కాలు చాపుకుని కూర్చోవడానికి ఆటోలో వెనక సీటంతా మాట్లాడుకుని ఒంగోలు వెళ్లాలి. ఎన్నాళ్లు? ఆమె ఫ్యాక్టరీ ఆఫీసుకి వెళ్లి పాలసీ జిరాక్సు అడిగింది. గుమాస్తా ఆమెని ఎగాదిగా చూశాడు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా దీన్ని. ఇంగ్లీషులో ఉంటుంది."

"చదువుకుంటాలెండి."

పదహారు పేజీలు. మూడు రోజులు చదివింది. ఫిజియోథెరపీ అన్న మాట ఒకే ఒక్కచోట దొరికింది. ఊరికే నొప్పి అని వెళ్తే ఇవ్వరు. ఆస్పత్రిలో చేరి బయటికి వచ్చినవాడికి, అదే దెబ్బకి, డాక్టరు రాసిస్తే, వచ్చిన రోజు నుంచి అరవై రోజుల లోపల అయిన ఖర్చు తిరిగి ఇస్తారు. ముందు మన చేతినుంచి పెట్టుకోవాలి. ప్రతిదానికీ రసీదు ఉండాలి. ఆమె క్యాలెండరు తీసి లెక్క చూసుకుంది. జనవరి పంతొమ్మిది ఆఖరు.

"అరవై రోజుల్లో వంగితే ఇన్సూరెన్సు, అరవై ఒకటో రోజు వంగితే సొంతం" అన్నాడు మాలిక్, మంచం మీంచి. "నా మోకాలికి చెప్పు ఈ మాట. ఇంగ్లీషులోనే చెప్పు, భయపడుద్ది."

సిద్దికా ఫైలు ఒకటి కొంది. డాక్టరు చీటీ, డిశ్చార్జి కాగితం, రోజువారీ రసీదులు, ప్రతి సిట్టింగుకీ ఎన్ని డిగ్రీలు వంగిందో తేజశ్రీ చేత సంతకం పెట్టించిన పట్టిక. ముప్పై నాలుగు. నలభై. నలభై ఆరు. నలభై ఆరు దగ్గర నాలుగు రోజులు ఆగింది. ఆ నాలుగు రోజులూ ఆమె క్లాసులో పిల్లలు అడిగిన ప్రశ్నలకి ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. తర్వాత యాభై ఐదు. డిసెంబరు ఇరవై నాటికి అరవై రెండు.

చేతిలో ఉన్నదంతా అయిపోతోంది గనక అప్పటిదాకా అయిన ఖర్చు ముందు రాబట్టాలనుకుంది. క్లెయిము ఫారంలో చివరి వరసలో, ఈ మనిషి తమ దగ్గర పనివాడేనని కంపెనీ ధ్రువీకరణ జతచేయాలని ఉంది. గుమాస్తా ఒక లైను రాసి స్టాంపు వేసిచ్చాడు. ఒక్క లైను చూసి ఆమెకి తృప్తి కలగలేదు. రేపు వాళ్లు పనివాడని నమ్మకమేంటి అంటే? మస్టరులో పేరున్నవాడికే పాలసీ గదా. నవంబరు, డిసెంబరు మస్టరు కూడా జిరాక్సు తీసి ఇమ్మని అడిగింది. ఆ పేజీల్లో ఏడో వరసలో మాలిక్ పేరు, దాని ఎదురుగా ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా హాజరు. చూసి ఆమెకి ధైర్యం వచ్చింది. ఇలియాస్ ఒక్క పూట కూడా మానలేదు, పేరు బతికే ఉంది అనుకుంది. ఆ పేజీల్ని తన చేతులతోనే ఫైలుకి గుచ్చింది.

జవాబు జనవరి తొమ్మిదిన వచ్చింది. నాలుగు లైన్లు. పేషెంటు సదరు తేదీల్లో విధుల్లో ఉన్నందున చికిత్స అవసరం రుజువు కాలేదు, క్లెయిము తిరస్కరించడమైనది.

సిద్దికా ఆ కాగితాన్ని కూడా చివరిదాకా చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

మర్నాడు ఒంగోలు ఇన్సూరెన్సు ఆఫీసుకి పోయింది. కౌంటరు వెనక ఉన్న ఆఫీసరు పేరు చైతన్యకృష్ణ. ఆమె వయసువాడే. కసురుకోలేదు. ఫైలు తెప్పించి, మస్టరు పేజీ ఆమె వైపు తిప్పాడు.

"మీరే చూడండమ్మా. మీ ఆయన ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో కూడా హాజరే. డిసెంబరు పన్నెండున ఓవర్‌టైం కూడా చేశారు. అదే రోజు మధ్యాహ్నం ఇక్కడ ఒంగోల్లో సిట్టింగు రసీదు ఉంది. ఏది నిజం?"

"ఆయన పనికి వెళ్లలేదండీ. మంచం దిగి నడవలేడు. వాళ్ల తమ్ముడు..." అని ఆగిపోయింది.

"తమ్ముడు?"

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"అసలు మేం అడిగింది కంపెనీ లెటరు ఒక్కటే. అది పెట్టారు కూడా. మస్టరు ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని?"

"సాక్ష్యం ఎక్కువుంటే మంచిదని."

చైతన్యకృష్ణ ఫైలు మూశాడు. "ఇది లేకపోతే ఈపాటికి చెక్కు వచ్చి ఉండేది. ఇప్పుడు నేను చూడలేదని అనలేను. ఆ రోజుల్లో పనిచేసింది మాలిక్ కాదు, ఫలానా మనిషి అని కంపెనీ రాసివ్వాలి. రాసిస్తే పైకి పంపుతాను. కాని అమ్మా, ఒకటి ఆలోచించుకోండి. అలా రాసిస్తే కంపెనీ ఇన్నాళ్లూ తప్పుడు మస్టరు రాసినట్టు. ఆపరేషన్ బిల్లు కూడా తిరగదోడతారేమో నేను చెప్పలేను."

ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ బంకు దగ్గర యలమందయ్య దొరికాడు. అరవై దాటిన మనిషి. రాతిదుమ్ము కనుబొమల్లో పేరుకుపోయి ఉంటుంది. సిద్దికా చెప్పిందంతా గ్లాసు కింద పెట్టకుండా విన్నాడు.

"పేరు కాయించింది నేనే అమ్మాయ్. ఇలియాస్‌ని పంపరా అని ఆస్పత్రికి కబురు పెట్టింది కూడా నేనే. నాది తప్పంటే ఒప్పుకుంటా."

"ఎవరి తప్పని కాదు బాబాయ్. అదొక్కటీ కాగితం మీద రాసివ్వగలరా?"

"నువ్వు రాయమంటే రాస్తా. వేలిముద్రేలే, నాకు రాతెక్కడిది. ఆ కాగితం ఆఫీసుకి చేరిన పూట ముందు ఇలియాస్ బయటికి పోతాడు, తర్వాత నేను, ఆ తర్వాత ముఠా మొత్తం. ఇప్పుడు మా పన్నెండు మందిలో ఎన్ని పేర్లు నిజమైనవో తెలుసా నీకు? ఆదెయ్య పోయి రెండేళ్లయింది. వాడి అల్లుడు ఇప్పటికీ ఆదెయ్యే." టీ ఒక గుక్కలో తాగేశాడు. "ఆలోచించుకుని చెప్పు. నేను ఎక్కడికీ పోను."

ఇంటికొచ్చి చెబితే ఇలియాస్ ముందు లేచాడు. "రాయించు వదినా. నాకేం, పంచర్ల షాపు ఉండనే ఉంది."

"కూర్చోరా" అన్నాడు మాలిక్. "ఆస్పత్రిలో పడుకుని ఓవర్‌టైం చేసినవాణ్ణి నేను. నా అంత పనిమంతుడు ఈ జిల్లాలోనే లేడు. నన్ను చూసి నేర్చుకో."

లాల్‌బీ పిల్లని ఒళ్లో వేసుకుని గోడకేసి చూస్తోంది. "పన్నెండు ఇళ్ల పొయ్యి ఆర్పుతామా" అంది చివరికి, ఎవరినీ అడగనట్టుగా.

"ఆర్పం" అన్నాడు మాలిక్. సిద్దికా కేసి తిరిగాడు. "ఒక్క కాలే గదా. ఇంకోటి ఉంది."

సిద్దికా రాయించలేదు. చేతిలో డబ్బు లేక ఒంగోలు వెళ్లడం ఆగిపోయింది. ఆఖరి రోజు తేజశ్రీ ఆమెని పక్కకి పిలిచి, పిక్క ఎక్కడ పట్టుకోవాలో, తొడ ఎక్కడ అదమాలో, ఎంతసేపు పట్టి ఉంచాలో చూపించింది. "ఆయన ఆపమన్న చోట ఆపకండి మేడం. అక్కణ్ణుంచే లెక్క. అలాగని కుదుపు ఇవ్వకండి, ప్లేటు కదులుతుంది. ఆ రెంటికీ మధ్య చెయ్యాలి." ఆనాటి కొలత డెబ్భై రెండు.

ఆ రెంటికీ మధ్య ఎక్కడో సిద్దికాకి చేతికి అందలేదు. పొద్దున బడికి ముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి మాలిక్‌ని బోర్లా పడుకోబెట్టి కాలు వంచేది. మాలిక్ దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకునేవాడు. మొదటివారం తర్వాత దుప్పటి ఆగలేదు, అరిచాడు. ఆ అరుపుకి నజ్మీన్ బిక్కచచ్చిపోయి ఏడిచేది. నాన్నని అమ్మ ఏదో చేస్తోందని దానికి అర్థమైంది. తర్వాత తర్వాత సిద్దికా కాలికి చుట్టే తువ్వాలు తీసుకుని గదిలోకి వస్తే చాలు, పిల్ల పాకుతూ లాల్‌బీ దగ్గరికి పారిపోయేది. అప్పుడు సిద్దికా చేతులు సడలేవి. సడలిన రోజున కొలత ఒక డిగ్రీ వెనక్కి పోయేది. గట్టిగా పట్టిన రోజున మోకాలు వాచి రెండు రోజులు ముట్టుకోనిచ్చేది కాదు. కొలవడానికి బడిలో లెక్కల టీచరు జాన్‌బీ దగ్గర బోర్డు మీద వాడే పెద్ద కోణమానిని అడిగి తెచ్చుకుంది. డెబ్భై నాలుగు. డెబ్భై ఆరు. డెబ్భై ఎనిమిది. అక్కడ ఆగింది. వారం కాదు, నెల.

మార్చిలో డాక్టరు చేత్తో వంచి చూసి తల అడ్డంగా ఊపాడు. లోపల అతుక్కుపోయింది. ఇక మిగిలింది ఒకటే దారి, మత్తు ఇచ్చి, ఆస్పత్రిలో చేర్చి, బలవంతంగా వంచడం. "చేరితే ఇన్సూరెన్సు ఉంటుందిగా మీకు" అన్నాడు. "కాని ఆ మర్నాటి నుంచే రోజూ థెరపీ పడాలి. పడకపోతే పది రోజుల్లో మళ్లీ ఇంతే."

ఆటోలో తిరిగొస్తూ సిద్దికా పాలసీని మనసులోనే తిరగేసింది. మత్తిచ్చి కాలు విరగ్గొట్టినట్టు వంచడానికి ఇస్తారు. ఆ తర్వాత మరో అరవై రోజులు కూడా ఇస్తారు, మస్టరులో సెలవని ఉంటే. సెలవు పడితే నాలుగో రోజుకి పేరు పోతుంది. పేరు పోతే పాలసీ పోతుంది. హాజరు ఉంటే రోగి కాదు, రోగి అయితే హాజరు లేదు. ఎటునుంచి చదివినా అక్కడికే వచ్చింది. తప్పు తన చదవడంలో ఉందేమోనని ఇంటికెళ్లి మళ్లీ చదివింది. చదవడంలో తప్పు లేదు.

"మళ్లీ ఒక్కసారి చూద్దాం" అన్నాడు మాలిక్ ఆ సాయంత్రం. తమాషా లేదు ఆ గొంతులో. "ఇలియాస్ పేరు కాస్తూనే ఉంటాడు. ఈసారి నువ్వు మస్టరు పెట్టకు. ఒక్క లైనే పెట్టు."

ఆమె ఆలోచించింది. రెండు రోజులు ఆ ఒక్క లైను గురించే ఆలోచించింది. ఒకసారి కన్నేసిన ఫైలది. చైతన్యకృష్ణ మళ్లీ చూస్తాడు. చూడకపోవచ్చు కూడా. ఆ చూడకపోవచ్చు మీద ఆశ పెట్టుకుని, మూడోరోజు డాక్టరుకి ఫోను చేసి తారీకు అడగాలనుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం ఇలియాస్ ఒక కాలికి బూటు లేకుండా ఇంటికొచ్చాడు. వెనకాలే యలమందయ్య. పలకలు నిలబెట్టే ఇనప స్టాండు ఒరిగి మూడు పలకలు జారాయట. ఇలియాస్ కాలు లాక్కున్నాడు గాని బూటు లాక్కోలేకపోయాడు.

"గీత గట్టిది వీడిది" అన్నాడు యలమందయ్య. "బూటు చూడాలి నువ్వు, అప్పడం."

"అన్న బూటే అది" అన్నాడు ఇలియాస్ నవ్వబోతూ.

లాల్‌బీ కొడుకు కాలు రెండు చేతులతో పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. సిద్దికా మాత్రం కాలు చూడలేదు.

"బాబాయ్, వీడు ఆ పలకల కింద పడి ఉంటే ఎవరు పడినట్టు రాసేవాళ్లు?"

యలమందయ్య ఇలియాస్ కేసి చూశాడు.

"మాలిక్ పడ్డాడని రాస్తారు. మాలిక్ ఇక్కడ మంచం మీద ఉన్నాడు. వీడు ఎవరని ఆస్పత్రిలో చేర్పిస్తాం? ఆ బిల్లుకి ఏ కాగితం పెట్టమంటారు నన్ను?"

మాలిక్ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. ఆమె ఏం అడగబోతోందో అతనికి అర్థమైంది. తన మోకాలు చూసుకున్నాడు. తర్వాత తమ్ముడి కాలు చూశాడు.

"పేరు మార్పించు" అన్నాడు.

"మారిస్తే ఇక మత్తు లేదు, వంచడం లేదు. తెలుసుగా?"

"పాలసీ చదివి వినిపించింది నువ్వేగా."

సోమవారం సిద్దికా బడికి సెలవు పెట్టింది. నజ్మీన్‌కి ఒళ్లు వెచ్చగా ఉంది, ఇంట్లో వదలబుద్ధి కాక చంకనేసుకుని ఫ్యాక్టరీ ఆఫీసుకి వెళ్లింది. యలమందయ్య ముందే మాట్లాడి పెట్టాడు. ఒకడు మానేస్తున్నాడు, వాడి తమ్ముడు కొత్తగా చేరుతున్నాడు, అంతే. గుమాస్తా మస్టరు తెరిచి, ఏడో వరసలో మాలిక్ పేరు మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత గీశాడు. కింద ఇలియాస్ పేరు రాశాడు. సిద్దికా వంగి ఆ పేరు అక్షరం అక్షరం చదివింది. పాలసీ వాళ్లకి ఇవాళే పంపుతారా అని అడిగింది. ఇవాళే పంపుతానన్నాడు. పాలసీ ఫారం మీద ఇలియాస్ ఫొటో అంటించి ఉందో లేదో మళ్లీ చూసుకుంది.

గుమాస్తా ఇంకో రిజిస్టరు తీశాడు. "మాలిక్ మానేసినట్టు దీంట్లో కూడా ఎక్కించాలి. కారణం ఏం రాయమంటారు?"

"మోకాలు వంగదు."

"అంత చోటు లేదమ్మా. సొంత కారణాలు అని రాస్తున్నా. అందరికీ అదే రాస్తాం."

రాసి, మాలిక్ బదులు సంతకం పెట్టమని రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. సిద్దికా పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. గడిలో రాసింది చదివింది. సంతకం పెట్టింది.